సైనికుల ముఖాలు ‘వికృత’మా?

సందేహం: మొదటి ప్రపంచయుద్ధంలో ముఖానికి దెబ్బలు తగిలిన సైనికుల్ని హెన్రీ టాంక్స్ గీసిన బొమ్మల గురించి వ్యాసం రాస్తున్నాను. ‘వికృత ముఖాల సైనికులు’ అని రాస్తే అన్నయ్య తప్పన్నాడు, ‘కురూపులైన సైనికులు’ అనమంటున్నాడు. ఏది సరైనది? – ఒక పాఠకురాలు

సమాధానం: రెండూ వద్దమ్మా. వ్యాకరణం ఒప్పుకున్నా వాడుక ఒప్పుకోదు.

వికృతి అంటే అసలు రూపం మారడం, అంతే. బళ్లో చదివిన ప్రకృతి–వికృతుల్లో ‘విద్య’కి ‘విద్దె’ వికృతి అన్నంత మాత్రాన విద్దెని ఎవరూ చిన్నచూపు చూడలేదు. కానీ పేపర్లలో ‘వికృత చేష్టలు’, ‘వికృతానందం’ అని చదివీ చదివీ ఆ మాటకి అసహ్యం పట్టుకుంది, దాన్ని ముఖం పక్కన పెడితే ఆ అసహ్యం కాస్తా మనిషికి అంటుతుంది. కురూపి ఇంకా అన్యాయం. అది గాయం గురించి చెప్పదు, మనిషికే పేరు పెట్టేస్తుంది. ముక్కు లేనివాడికి ‘ముక్కిడి’ అని పాత మాట ఉంది కానీ అదీ తిట్టులాగే వినిపిస్తుంది, దాని జోలికి పోకండి.

మరేం రాయాలి? ఏం జరిగిందో అదే రాయండి. దవడ ఎగిరిపోయింది, ముక్కు తెగింది, పెదవి చీలింది, చెంప కాలింది – తెలుగులో ఏ దెబ్బకి ఆ క్రియ ఉంది. టాంక్స్ చేసిందీ ఇలాంటి పనే. ఆయన చిత్రకారుడు కాకముందు సర్జన్. 1916లో ఇంగ్లండులోని ఆల్డర్‌షాట్ సైనిక ఆసుపత్రిలో, ముఖాలు బాగుచేస్తున్న హెరాల్డ్ గిలీస్ దగ్గర చేరి, ఆపరేషన్‌కి ముందూ తర్వాతా ఆ సైనికుల్ని పాస్టెల్ రంగుల్లో గీశాడు. అప్పటి ఫొటోలు నలుపు తెలుపు కాబట్టి పచ్చి మాంసం ఎరుపు, కమిలిన చర్మం రంగు ఈ బొమ్మల్లోనే తెలుస్తాయి. పెదవి ఎంతవరకు పోయిందో, లోపల పళ్లు ఎక్కడ బయటపడ్డాయో కొలిచినట్టు చూపిస్తాడు, అయినా చాలా బొమ్మల్లో ఆ మనిషి కళ్లు తిన్నగా మనల్నే చూస్తుంటాయి. నాకు వాటిలో గొప్పగా అనిపించేది ఇదే, గాయాన్ని దాచలేదు, గాయమే మనిషి అననూ లేదు. మీ మాట కూడా అలా ఉండాలి. మొహం చెల్లదు, ఏ మొహం పెట్టుకుని వస్తాడు, మొహం చాటేశాడు – పరువంతా మొహంలోనే పెట్టుకున్న భాష మనది, ఇక్కడ మాట తూలితే మామూలుగా తగలదు.

మన దేశం ప్రస్తావన కావాలంటే 1794లో లండన్ పత్రికలో అచ్చయిన బొమ్మ ఒకటుంది. ఇంగ్లీషు సైన్యంలో ఎద్దుల బండి తోలిన కవాస్‌జీ టిప్పు సైనికులకి దొరికితే ముక్కూ ఒక చెయ్యీ కోసేశారు. తర్వాత పూనాలో ఒక దేశీ వైద్యుడు మైనంతో ముక్కు కొలత తీసి, అంత మేరకి నుదుటి చర్మం ఒలిచి, రెండు కళ్ల మధ్య కాస్త చర్మం తెగకుండా ఉంచి, కిందికి తిప్పి కొత్త ముక్కు అతికించాడు. నుదుటి చర్మంతో ముక్కు కట్టే ఈ పద్ధతి గిలీస్ కూడా వాడాడు.

ఈ బొమ్మ కింద మాత్రం ‘ముక్కు కోయబడిన కవాస్‌జీ’ అని రాయకండి. ఆ ‘బడు’ తెలుగు నోటికి రాదు, పైగా కోసిందెవరో దాచేస్తుంది. ‘టిప్పు సైనికులు ముక్కు కోసిన కవాస్‌జీ’ అనండి, లేదా ‘పూనాలో కొత్త ముక్కు పెట్టించుకున్న కవాస్‌జీ’ అనండి. నేనైతే రెండోదే రాస్తాను, బొమ్మలో ఉన్నది ఆ కొత్త ముక్కే కనుక.