విండోస్ మళ్లీ వేస్తే యాక్టివేషన్ పోతుందా?

ప్రశ్న: మా కంప్యూటర్ బాగా నెమ్మదించింది. డిస్కు మొత్తం చెరిపి విండోస్ 10ను మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే కొత్త కీ (లైసెన్సు కోడ్) కొనవలసి వస్తుందా?

జవాబు: అక్కరలేదు. సక్రమంగా యాక్టివేట్ అయిన, అంటే అసలైనదని మైక్రోసాఫ్ట్ ధ్రువీకరించిన విండోస్ 10 లైసెన్సు సాధారణంగా మీ హార్డ్‌వేర్ గుర్తింపుతో ముడిపడి మైక్రోసాఫ్ట్ సర్వర్లలో నమోదై ఉంటుంది కనుక, ఇన్‌స్టాలేషన్ మధ్యలో ప్రోడక్ట్ కీ అడిగినప్పుడు మీ వద్ద లేదన్న ఎంపికను నొక్కి ముందుకు సాగితే, ఇంటర్నెట్ అందగానే యాక్టివేషన్ దానంతటదే పూర్తవుతుంది. అయితే ఇంతకుముందున్న ఎడిషన్‌నే (హోమ్, ప్రో వంటి రకాన్నే) వేయాలి; హోమ్ ఉన్నచోట ప్రో వేస్తే ఆ లైసెన్సు చెల్లదు. చాలామంది తడబడేది ఇక్కడే. మదర్‌బోర్డు (కంప్యూటర్‌లోని ప్రధాన సర్క్యూట్ పలక) మార్చితే మాత్రం కంప్యూటర్ కొత్తదిగా లెక్కకు వస్తుంది కాబట్టి, విడిగా కొన్న లైసెన్సయితే దాన్ని ముందుగానే మైక్రోసాఫ్ట్ ఖాతాకు జతచేసి ఉంచండి. పాత విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో యాక్టివేషన్ వివరాలుండే డబ్ల్యుపిఎ డాట్ డిబిఎల్ ఫైలును దాచిపెట్టి తిరిగి అతికించేవారు. ఇప్పుడా తంటా లేదు.