పాటకు అంటగట్టిన రంగు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అమెరికా పాటల చరిత్ర చదువుతుంటే రేస్ రికార్డ్స్, రిథమ్ అండ్ బ్లూస్, సోల్, బ్లాక్ అని ఇన్ని పేర్లు తగులుతున్నాయి. ఇవన్నీ వేర్వేరు సంగీతాలా, ఒకదానికే మారుపేర్లా?
– వి.ఆర్., హనుమకొండ

జవాబు: ఇవన్నీ అమెరికా నల్లజాతివాళ్ల సంగీతానికి తగిలిన పేర్లు. 1920ల బ్లూస్‌కీ 1970ల సోల్‌కీ వాయిద్యాల్లో, తాళంలో, పాడే తీరులో చాలా తేడా ఉంది. ఆ మేరకు వేర్వేరే. కానీ మీరు రాసిన పేర్లలో కొన్ని సంగీతం మారినందుకు రాలేదు, సరుకు ఎవరికి అమ్మాలో తేల్చుకోవడానికి వచ్చాయి. రెంటినీ విడదీసి చూస్తే గందరగోళం చాలావరకు పోతుంది.

1920 ఆగస్టులో న్యూయార్క్‌లో మామీ స్మిత్ అనే నల్లజాతి గాయని ‘ఓకే’ రికార్డు కంపెనీకి ‘క్రేజీ బ్లూస్’ పాడింది. ఆ రికార్డు మామూలు పాటల వరసలోనే, 4169 నంబరుతో బయటికి వచ్చింది. నల్లవాళ్లు డబ్బు పెట్టి రికార్డులు కొంటారా అని అప్పటిదాకా తటపటాయించిన కంపెనీలు దాని అమ్మకం చూసి దారి మార్చుకున్నాయి. మరుసటి ఏడాదే ఓకే కంపెనీ 8000 నంబర్లతో విడిగా ఒక వరస తెరిచింది. అవే రేస్ (అంటే జాతి) రికార్డులు. అప్పటి నల్లజాతి పత్రికలు, ముఖ్యంగా ‘షికాగో డిఫెండర్’, తమవాళ్లను ‘ది రేస్’ అని గర్వంగానే రాసుకునేవి. అందుకే కొన్నవాళ్లకు ఆ పేరు తిట్టులా వినిపించలేదు. తెల్లవాళ్ల పేటల్లోని దుకాణాల్లో ఆ వరస అంతగా దొరక్కపోవడమే అసలు ఇబ్బంది.

పాటల అమ్మకాల పట్టికలు వేసే ‘బిల్‌బోర్డ్’ పత్రిక 1942లో, న్యూయార్క్‌లో నల్లవాళ్లు ఉండే హార్లెమ్ పేట పేరుతో, వాళ్లు కొనే పాటల జాబితా ఒకటి మొదలుపెట్టింది. 1945లో దాన్ని ‘రేస్’ అంది. అక్కడే పనిచేస్తున్న జెర్రీ వెక్స్లర్ సూచనతో 1949 జూన్‌లో ‘రిథమ్ అండ్ బ్లూస్’గా మార్చింది. తర్వాత 1969లో ‘సోల్’, 1982లో ‘బ్లాక్’, 1990లో మళ్లీ ఆర్ అండ్ బి (రిథమ్ అండ్ బ్లూస్‌కు పొట్టి పేరు), 1999లో ‘ఆర్ అండ్ బి/హిప్-హాప్’ అయింది. మధ్యలో ఒక విచిత్రం ఉంది. 1963 నవంబరు నుంచి 1965 జనవరి దాకా ఆ జాబితా అసలు లేదు. పాప్ జాబితాలో ఉన్న పాటలే ఇందులోనూ కనబడసాగాయి, విడి జాబితాకు అర్థం తగ్గింది. డెట్రాయిట్‌లో నల్లజాతివాడైన బెర్రీ గోర్డీ 1959లో పెట్టిన మోటౌన్ కంపెనీ తన సంగీతాన్ని ‘యువ అమెరికా నాదం’ అని చాటుకుంటున్న రోజులవి. రంగు ఊసెత్తకుండా వయసును ముందుపెట్టడం తెలివైన పని.

విడి జాబితా వల్ల నష్టమే తప్ప లాభం లేదనుకోవద్దు. 1970ల్లో పెద్ద కంపెనీలు బ్లాక్ మ్యూజిక్ విభాగాలు తెరిచినప్పుడు నల్లజాతి ఉద్యోగులకు పెత్తనం చేసే కుర్చీలు దొరికాయి. ఆ విభాగాలకిచ్చిన ప్రచార నిధులు తక్కువన్నదే వాళ్ల ఫిర్యాదు.

ప్రశ్న: మా కళాశాల గ్రంథాలయానికి అమెరికాలో ఉంటున్న పూర్వ విద్యార్థి ఒకరు పెట్టెడు 78 ఆర్‌పీఎం రికార్డులు పంపారు. కేటలాగులో ‘సంగీత రీతి’ గడిలో ఏం రాయాలి? వాటిని ఎలా శుభ్రం చేయాలి?
– గ్రంథాలయ ఉద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: లేబుల్ మీద ‘రేస్’ అన్న మాట వెతకొద్దు. చాలావాటి మీద ఉండదు. అది కేటలాగుల్లో, పత్రికా ప్రకటనల్లో ఉండేది. లేబుల్ మీద కనిపించేది నంబరు వరస. కొలంబియా రికార్డు 14000-డి వరసలో ఉంటే నల్లవాళ్లకు అమ్మినది, 15000-డి వరసలో ఉంటే దక్షిణాది తెల్లవాళ్లకు అమ్మినది. ఓకే కంపెనీలో 8000, 45000 వరసలు ఇదే తేడా చెబుతాయి.

ఇక్కడే పొరపాటు జరుగుతుంది. వరసను చూసి పాడినవాళ్ల రంగు రాసేయకండి. టెనెసీ రాష్ట్రం చట్టనూగాకు చెందిన అలెన్ సోదరులు తెల్లవాళ్లు. 1927లో వాళ్లు పాడిన బ్లూస్ రికార్డును కొలంబియా 14000-డి వరసలో విడుదల చేసింది. వాళ్లు మండిపడి దావా వేస్తామన్నారు, ఆ తర్వాత విక్టర్ కంపెనీకి వెళ్లిపోయారు. చెవితో విన్న కంపెనీవాళ్లకే తేడా తెలియలేదంటే ఆ గోడ సంగీతంలో లేదన్నమాట. మరోవైపు మిసిసిపీ షీక్స్ అనే నల్లజాతి బృందం ఫిడేలు రికార్డులు కొన్ని 45000 వరసలో వచ్చాయి.

అందుకని ఒక గడి చాలదు, నాలుగు పెట్టండి. మొదటి దానిలో లేబుల్ మీద అచ్చయినది అక్షరం పొల్లుపోకుండా రాయాలి, ఇప్పుడు వినసొంపుగా లేని మాటైనా సరే. దిద్దితే చరిత్ర పోతుంది. రెండో దానిలో కంపెనీ, నంబరు, వరస. మూడో దానిలో లేబుల్‌కీ గాడులకీ మధ్య నున్నటి చోట చెక్కి ఉండే మాట్రిక్స్ నంబరు. ఏ రోజు, ఎక్కడ రికార్డు చేశారో దాన్నిబట్టే తేలుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా శాఖ నడిపే అమెరికన్ రికార్డుల డేటాబేస్‌లో ఈ నంబరు ఉచితంగా వెతుక్కోవచ్చు. నాలుగో గడిలో ఇవాళ్టి వర్ణన: ‘బ్లూస్, గాత్రం, గిటార్’, ‘ఫిడేలు నాట్య సంగీతం’ ఇలా చెవికి వినిపించేది రాయండి. ‘నల్లవాళ్ల పాట’ అన్న మాట ఈ గడిలోకి రానివ్వొద్దు.

శుభ్రం చేసేటప్పుడు స్పిరిట్ ముట్టించకండి. ఈ రికార్డుల్లో ఉండే లక్క ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో రెండు మూడు చుక్కల గిన్నెల సబ్బు ద్రవం కలిపి, మెత్తటి బ్రష్‌తో గాడుల వెంబడే తిప్పుతూ తుడవాలి. లేబుల్ తడవకూడదు. 1920ల మధ్య నుంచి వచ్చిన కొలంబియా రికార్డుల పొరల మధ్య కాగితం ఉంటుంది కాబట్టి అంచు పగిలి ఉంటే నీళ్లు అసలే వద్దు. సూది మొన సుమారు 3 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) మందం ఉండాలి. ఎల్‌పీలకు వాడే 1 మిల్ సూది గాడి అడుగుకు దిగిపోయి బుస్సుమంటుంది. 1925కు ముందువి అన్నీ సరిగ్గా 78 వేగంతో తిరగవు, కొలంబియావి చాలావరకు 80. శ్రుతి కాస్త తగ్గినట్టుంటే వేగం పెంచి చూడండి.

ప్రశ్న: ఆహెన్‌లో చదువుతున్నాను. ఇక్కడ క్లబ్బుల పోస్టర్ల మీద ‘బ్లాక్ మ్యూజిక్’ అని పెద్ద అక్షరాలతో వేస్తారు. డల్లాస్‌లో ఉన్న మా అక్కయ్య అలా అనకూడదంటోంది. ఎవరిది సరి?
– ఎస్., జర్మనీ

జవాబు: మీ అక్కయ్య జాగ్రత్త మంచిదే. అయితే అమెరికాలో ఆ మాట నిషిద్ధమేమీ కాదు. 1979లో అధ్యక్షుడు కార్టర్ జూన్‌ను బ్లాక్ మ్యూజిక్ మాసంగా ప్రకటించారు. అడిగి సాధించుకున్నది నల్లజాతి సంగీత పరిశ్రమ వాళ్లే. తమ పూర్వీకుల పనికి తమ పేరు ఉండాలన్నది వాళ్ల కోరిక. బయటివాళ్లు దాన్ని ఒక సరుకు పేరుగా వాడినప్పుడే చిక్కు.

జర్మనీ పోస్టర్ మీద ఆ మాటకు అర్థం ఆ రాత్రి హిప్-హాప్, ఆర్ అండ్ బి, జమైకా డ్యాన్స్‌హాల్ పాటలు వాయిస్తారని. అంతకు మించి ఆలోచించి వేసింది కాదు. అదే ఊళ్లో టెక్నో (ఎలక్ట్రానిక్ యంత్రాల మీద కట్టే నాట్య సంగీతం) పోస్టర్ మీద మాత్రం ఆ మాట కనిపించదు. టెక్నోకు రూపమిచ్చిన హువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ డెట్రాయిట్ ప్రాంతపు నల్లజాతి యువకులు. 1988లో బ్రిటన్‌లో వచ్చిన ఒక సంకలనంతో టెక్నో అన్న పేరు యూరప్‌కు పాకింది, 1991లో తెరిచిన ట్రెజర్ క్లబ్‌తో బెర్లిన్ సొంతమైపోయింది. ఒకచోట రంగే పేరైంది, మరోచోట పుట్టింటి పేరే చెరిగిపోయింది. రెండోదే ఎక్కువ అన్యాయమని మా అభిప్రాయం.

బ్రిటన్ ఒక మధ్యే మార్గం కనిపెట్టింది. 1996లో మొదలైన మోబో అవార్డుల పేరుకు అర్థం ‘నల్లజాతి మూలాలున్న సంగీతం’. పాడేవాళ్ల రంగు కాదు, పాట పుట్టుక చూస్తారు. అందుకే 2014లో తెల్లజాతి గాయకుడు సామ్ స్మిత్‌కు నాలుగు వచ్చాయి. ఫ్రాన్స్‌లో జనాన్ని జాతులుగా లెక్కించడానికే చట్టం చాలా పరిమితులు పెట్టింది, ర్యాప్‌ను ‘నగర సంగీతం’ అంటారు. బ్రెజిల్‌లో రియో నల్లజాతి పేటల్లో పెరిగిన సాంబా దేశమంతటి గుర్తు అయికూర్చుంది.

మీరు ఎవరినైనా పిలిచేటప్పుడు ‘హిప్-హాప్ రాత్రి’ అనండి. ఏం వాయిస్తారో కూడా తెలుస్తుంది.

ప్రశ్న: కంట్రీ మ్యూజిక్ తెల్లవాళ్లదే కదా? బియాన్సే పాడితే అంత గొడవెందుకు?
– కె., విజయవాడ

జవాబు: కాదు. కంట్రీ అంటే అమెరికా దక్షిణాది పల్లెల్లో పెరిగిన సంగీతం. దానికి ప్రాణమైన బాంజో అనే తీగవాయిద్యం, పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులు సొరకాయ బుర్రతో చేసుకున్న వాయిద్యం నుంచి వచ్చింది. నాష్‌విల్ రేడియోలో ‘గ్రాండ్ ఓల్ ఆప్రీ’ అనే కంట్రీ కార్యక్రమం తొలి తారల్లో హార్మోనికా వాయించే డీఫోర్డ్ బైలీ నల్లజాతివాడు. 1941లో ఆయన్ను తీసేశారు, 2005లో కంట్రీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. 1966లో నల్లజాతి గాయకుడు చార్లీ ప్రైడ్ తొలి రికార్డులను ఆర్‌సీఏ కంపెనీ ఫొటో లేకుండా రేడియోలకు పంపింది. గొంతు విని వేసినవాళ్లు మొహం చూస్తే వేయరేమోనని.

2019లో నల్లజాతి ర్యాపర్ లిల్ నాస్ ఎక్స్ పాడిన ‘ఓల్డ్ టౌన్ రోడ్’ను బిల్‌బోర్డ్ పత్రిక తన కంట్రీ జాబితా నుంచి తీసేసింది. అదే పాట అన్ని రీతులూ కలిపిన జాబితాలో 19 వారాలు మొదటి స్థానంలో ఉంది. 2024 ఫిబ్రవరిలో కంట్రీ జాబితాలో మొదటి స్థానానికి చేరిన తొలి నల్లజాతి మహిళ బియాన్సే.

ప్రశ్న: మా తెలుగు సంఘం వేడుకలో పిల్లల డ్యాన్స్‌కు యాంకరింగ్ రాస్తున్నాను. ‘అర్బన్ మ్యూజిక్’ అనొచ్చా?
– న్యూజెర్సీ

జవాబు: వద్దు. 1970ల్లో న్యూయార్క్ రేడియో యాంకర్ ఫ్రాంకీ క్రాకర్‌తో వాడుకలోకి వచ్చిన మాట అది. ‘బ్లాక్’ అంటే వెనక్కి తగ్గే ప్రకటనదారులకు అది బాగా నప్పింది. 2020 జూన్‌లో రిపబ్లిక్ రికార్డ్స్ దాన్ని వదిలేసింది, గ్రామీ కూడా ఒక విభాగం పేరు మార్చింది. పాట హిప్-హాప్ అయితే హిప్-హాప్ అనే చదవండి, పాడినవారి పేరు జోడించండి.

ప్రశ్న: మా పాఠశాల కార్యక్రమంలో డప్పు ప్రదర్శనను ‘దళిత సంగీతం’ అని పరిచయం చేశారు. మన దగ్గరా ఇదే సమస్య కాదా?
– ఉపాధ్యాయిని, కరీంనగర్

జవాబు: దగ్గరి సమస్యే. కులం జాతి కాదు, చరిత్రా వేరు. అయినా వాయిద్యాన్ని ఒక కులానికి కట్టేసి, ఆ కులంతో పాటు దాన్నీ ఊరి అంచున ఉంచడం మనం చేసిందే. డప్పును తరతరాలుగా నిలబెట్టింది మాదిగ కళాకారులు. ఆ మాట దాచకూడదు. చెప్పాల్సిన చోట చెప్పాలి. కళాకారులు తమ సంగీతాన్ని ఏమని పిలుచుకుంటారో ముందుగా వాళ్లనే అడగండి, అదే చదవండి. వాళ్లు వేరే ఏమీ చెప్పకపోతే వాయించేదాన్ని బట్టి పరిచయం చేయండి: పెళ్లి దరువా, జాతర దరువా, చావు దరువా. ఒక చేత సిర్ర, మరో చేత చిటికెన పుల్ల, ఆటకు ముందు మంట దగ్గర డప్పు కాచి శ్రుతి బిగించడం, ఇవన్నీ పిల్లలకు చూపించండి. కులం పేరు ఒక్కటే చెప్పి ఊరుకుంటే ఈ నేర్పు వాళ్ల కంటపడదు.

ప్రశ్న: తెలుగులో ర్యాప్ పాట చేశాను. యాప్‌లకు పంపే డిస్ట్రిబ్యూటర్ ఫారంలో ‘వరల్డ్’, ‘ఇండియన్’, ‘హిప్-హాప్/ర్యాప్’ ఉన్నాయి. ఏది పెట్టాలి?
– ఎన్., విశాఖపట్నం

జవాబు: ప్రధాన రీతి ‘హిప్-హాప్/ర్యాప్’. రెండో రీతికి గడి ఉంటే ‘ఇండియన్’, దాని కింద తెలుగు దొరికితే అది. సాహిత్యం భాష తెలుగు. భాషకు విడి గడి ఉన్నప్పుడు రీతిని భాషకోసం ఖర్చు చేయనక్కర్లేదు.

‘వరల్డ్’ మాత్రం వద్దు. 1987 వేసవిలో లండన్‌లోని ఒక పబ్‌లో చిన్న రికార్డు కంపెనీలవాళ్లు కూర్చుని, పాశ్చాత్యేతర రికార్డులను దుకాణంలో ఏ అరలో పెట్టాలో తెలియక ఖాయం చేసిన పేరది. ఆఫ్రికాలోని మాలి దేశపు కోరా వాయిద్యం, బల్గేరియా బృందగానం, మీ ర్యాప్ అన్నీ అక్కడే పడతాయి. గ్రామీ వాళ్లే 2020లో తమ విభాగం పేరులోంచి ఆ మాట తీసేశారు. మీ పాట ఆ అరలో పడితే ర్యాప్ వినేవాళ్ల ప్లేలిస్టులకు అందదు.

పాటను ఎక్కించాక విడుదలకు మూడు నాలుగు వారాల గడువు ఉండేలా తేదీ పెట్టుకోండి. స్పాటిఫై ఎడిటర్లకు పాటను విడుదలకు కనీసం 7 రోజుల ముందు పంపాలి, బయటికి వచ్చాక పంపడానికి వీలుండదు. బూతులుంటే ‘ఎక్స్‌ప్లిసిట్’ గుర్తు పెట్టండి, లేకుంటే వెనక్కి రావచ్చు. రీతి తప్పు పెట్టినట్టు తర్వాత తెలిస్తే పాట తీసేసి మళ్లీ ఎక్కించకండి. డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఆ గడి ఒక్కటే మార్పించండి. రికార్డింగ్‌ను గుర్తించడానికి ఇచ్చే 12 అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ కోడ్ అదే రికార్డింగ్‌కు మారకూడదు. కొత్త కోడ్‌తో ఎక్కిస్తే అప్పటిదాకా వచ్చిన వినికిడి లెక్క పాత కోడ్ దగ్గరే ఉండిపోతుంది.