కొత్త ఇంట్లో పిల్లి తిండి ముట్టకపోతే

నిన్న రాత్రి మీ దగ్గర వదిలి వెళ్లిన పిల్లి మంచం కిందే ఉండి ఏమీ తినట్లేదంటే, చాలావరకు కొత్త ఇంటి భయమే. నేను చూసుకునే పిల్లుల్లో చాలావాటికి మొదటి రోజు ఇంతే.

1. బయటికి లాగకండి. లిట్టర్ ట్రే (పిల్లి మలమూత్రాలకు పెట్టే ఇసుక ట్రే), నీళ్లు ఆ గదిలోనే పెట్టి తలుపు వేయండి.

2. అందరూ మర్చిపోయేది ఇది: యజమాని తొడిగి విడిచిన టీషర్టు తెప్పించి మంచం పక్కన పరవండి. ఉతకొద్దని గట్టిగా చెప్పండి. దానికి ధైర్యమిచ్చేది ఆ వాసనే.

3. అలవాటైన తిండే గోరువెచ్చగా పెట్టి మీరు వచ్చేయండి. ఇల్లు సద్దుమణిగాక తింటుంది.

4. 24 గంటలు దాటినా ముట్టకపోతే డాక్టరుకు చూపించండి. తిండి మానేస్తే పిల్లులకు కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. లావుగా ఉన్నవాటికి మరీ ప్రమాదం. మగపిల్లి మూత్రం రాక ముక్కుతుంటే మాత్రం వెంటనే తీసుకెళ్లండి.