ఎనిమిదో నంబరు సూది ఏ దేశానిది?

ఊలు అల్లికలపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల అందిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకటే గోడు వినిపించింది. ప్యాట్రన్‌లో (అల్లిక సూచనల కాగితంలో) ఉన్నది ఉన్నట్లు అల్లినా కొలత రాలేదనీ, కాస్త మార్చి అల్లితే మొత్తం చెడిందనీ రాశారు. ఐదు ఉత్తరాలను ఎంచుకుని, వీలైనంత వివరంగా జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారాలు. చికాగోలో ఉన్న మా ఎనిమిది నెలల మనవడి కోసం మా అమ్మాయి అక్కడి నుంచి పంపిన ప్యాట్రన్ చూసి యాక్రిలిక్ ఊలుతో స్వెట్టర్ అల్లాను. ఎనిమిదో నంబరు సూదులు వాడమని ఉంటే, నెల్లూరులో కొన్న ఎనిమిదో నంబరు సూదులే వాడాను. ఛాతీ చుట్టూ 50 సెంటీమీటర్లు రావలసినది 41 మాత్రమే వచ్చింది. మా వారు చూసి "ఇది మనవడికా, బొమ్మకా?" అన్నారు. సాగుతుందేమోనని ఒక చేతికి ఇస్త్రీ పెట్టి చూశాను, అది వేలాడిపోయింది. విప్పెయ్యమంటారా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: తప్పు మీ చేతిది కాదు, సూది మీద ఉన్న అంకెది. మన దుకాణాల్లో దొరికే సూదుల మీద సాధారణంగా పాత బ్రిటిష్ నంబర్లు ఉంటాయి. ఆ లెక్కలో ఎనిమిదో నంబరు అంటే 4 మిల్లీమీటర్ల మందం. అమెరికా లెక్కలో ఎనిమిదో నంబరు అంటే 5 మిల్లీమీటర్లు. పైగా ఈ రెండు వరుసలూ ఎదురెదురుగా నడుస్తాయి. బ్రిటిష్ లెక్కలో అంకె పెరిగిన కొద్దీ సూది సన్నబడుతుంది, అమెరికా లెక్కలో లావవుతుంది. అందువల్ల వాళ్ల ఆరో నంబరు మన ఎనిమిదో నంబరుతో సమానం, వాళ్ల ఎనిమిదో నంబరు మన ఆరో నంబరుతో సమానం. రెండూ కలిసేది ఏడో నంబరు దగ్గర మాత్రమే, అది రెండు దేశాల్లోనూ నాలుగున్నర మిల్లీమీటర్లే. బ్రిటిష్ నంబర్లు తీగల గేజి నుంచి వచ్చినవి. బోరు మోటారు కాలిపోయినప్పుడల్లా వైండింగ్ షాపు చుట్టూ తిరిగే మన రైతులకు ఈ తిరకాసు కొత్తది కాదు, గేజి అంకె పెద్దదైతే తీగ సన్నమని వాళ్లకు బాగా తెలుసు.

ఇక లెక్కకు వద్దాం. మీ ప్యాట్రన్‌లో 10 సెంటీమీటర్లకు 18 కుట్లు రావాలని, మొత్తం 90 కుట్లు వేసుకోవాలని ఉన్నట్లు మీరు జతచేసిన కాగితంలో చూశాను. 90ని 18తో భాగించి పదితో హెచ్చిస్తే సరిగ్గా 50 సెంటీమీటర్లు. సన్నసూదుల మీద మీకు 10 సెంటీమీటర్లకు 22 కుట్లు వచ్చి ఉంటాయి, అప్పుడు అదే 90 కుట్లకు వచ్చేది దాదాపు 41 సెంటీమీటర్లు. అంటే మీరు ఎక్కడా కుట్టు జారవిడవలేదు, ఎక్కడా బిగించి లాగలేదు. ఇంత సమంగా అల్లే చేయి ఉన్నందుకు సంతోషించండి.

విప్పవద్దని నా సలహా. 41 సెంటీమీటర్ల చుట్టుకొలత అప్పుడే పుట్టిన బిడ్డకు చక్కగా, కాస్త వదులుగా సరిపోతుంది, బంధువుల్లో ఎవరి ఇంట్లోనో ఆ అవసరం తప్పకుండా వస్తుంది. ఇస్త్రీ తగిలిన చేతిని మాత్రం విప్పి పారెయ్యండి. యాక్రిలిక్ ప్లాస్టిక్ జాతి దారం కనుక వేడి తగిలితే దానిలోని సాగుడు శాశ్వతంగా పోతుంది, ఎన్నిసార్లు ఉతికినా తిరిగి రాదు. ఆ చేతిని కొత్త దారంతో మళ్లీ అల్లితే చాలు.

మనవడి స్వెట్టరుకు 5 మిల్లీమీటర్ల సూదులు దొరికితే సరే. దొరక్కపోయినా, అల్లిక గట్టిగా ఉండడమే మీకు ఇష్టమైనా మరో దారి ఉంది. మీ లెక్క 10 సెంటీమీటర్లకు 22 కుట్లు కనుక 50 సెంటీమీటర్లకు 110 కుట్లు కావాలి. అదే ప్యాట్రన్‌లో పెద్ద పిల్లల సైజులు వెతికితే 108, 110, 112 కుట్లున్న సైజు ఏదో ఒకటి కనబడుతుంది. వెడల్పుకు ఆ సైజులోని కుట్ల సంఖ్యలన్నీ తీసుకోండి, పొడవుకు మాత్రం మీ మనవడి సైజు దగ్గర ఇచ్చిన సెంటీమీటర్లనే టేపుతో కొలుచుకుంటూ వెళ్లండి. వరుసలు లెక్కపెట్టి ఆగవద్దు, ఎందుకంటే ఆ వరుసల లెక్క మీ సూదిది కాదు.

ప్రశ్న: నేను రోజూ నెల్లూరు నుంచి కావలికి రైల్లో వెళ్లి వస్తూ దారిలో మఫ్లర్లు అల్లుతాను. వేసవిలో చెమటకు అల్యూమినియం సూదులు వేళ్లకు అంటుకుని, ఊలు ముందుకు జరగడం లేదు. పక్కవాళ్లకు సూది మొన తగులుతోందని గొడవ కూడా అయింది. ఏం చేయాలి?
– ఒక ప్రైవేటు ఉద్యోగి, నెల్లూరు

జవాబు: రైలు ప్రయాణానికి నిలువు సూదులు పనికిరావు. రెండు చిన్న సూదులను ప్లాస్టిక్ తీగతో కలిపిన సర్క్యులర్ సూది కొనుక్కోండి. మఫ్లరును దాని మీద కూడా మామూలుగా వెనక్కీ ముందుకూ అల్లవచ్చు, మోచేతులు పక్కకు చాచనక్కర్లేదు, అల్లిక బరువంతా ఒడిలోనే ఉంటుంది. చెమట పట్టే చేతులకు వెదురు సూదులు గానీ చెక్క సూదులు గానీ హాయిగా ఉంటాయి.

చెక్క మాట వచ్చింది కనుక నా అనుభవం ఒకటి చెబుతాను. ఉదయగిరి చెక్క చెంచాల నునుపు చూసి ముచ్చటపడి, అక్కడి పనివారొకరి చేత ఒక జత సూదులు చేయించుకున్నాను. చూడడానికి ఎంతో అందంగా ఉన్నాయి. వాటితో ఒక జానెడు అల్లాక చూస్తే ఒక వరుస బిగుతుగా, ఒక వరుస వదులుగా చారలు చారలుగా వచ్చింది. లేత్ పనివారి వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిపిస్తే ఒక సూది 4.1, రెండోది 4.4 మిల్లీమీటర్లు. చెంచాకు ఆ తేడా లెక్కలోకి రాదు, సూదికి వస్తుందని ముందుగా చెప్పని తప్పు నాదే. లావుగా ఉన్నదాన్ని సన్నని ఉప్పుకాగితంతో రుద్దుకుంటూ కొలుచుకుంటూ దారికి తెచ్చుకోవడానికి రెండు సాయంత్రాలు పట్టింది. ఆ జతనే ఇప్పటికీ వాడుతున్నాను.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయినిని. మన ఎండలకు ఊలు ఎందుకని, ఊలుతో అల్లవలసిన చేతుల్లేని టాపును నూలు దారంతో అల్లాను. అల్లినప్పుడు 56 సెంటీమీటర్ల పొడవు ఉన్నది, రెండుసార్లు ఉతికి ఆరేసేసరికి 63 అయింది. ఇంకా సాగుతుందా? కింద కత్తిరించి కుట్టెయ్యవచ్చా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ఊలు పోగులో సహజంగా వంకీలు ఉంటాయి, అవి స్ప్రింగులా సాగి మళ్లీ ముడుచుకుంటాయి. నూలుకు ఆ గుణం లేదు. దానికి తోడు అది బరువు, నీళ్లు పీల్చుకుంటే మరీ బరువు. మీరు ఆ టాపును పిండి దండెం మీద వేలాడదీసి ఉంటారు. ఆ తడి బరువే రెండుసార్లు దాన్ని కిందికి లాగింది. ఇకపై ఉతికాక మెలిపెట్టకుండా, పొడి తువ్వాలులో చుట్టి ఒత్తి, చాప మీద పరిచి, అంచులు చేత్తో దగ్గరికి నెట్టి నీడలో ఆరబెట్టండి. సాగడం చాలావరకు ఆగిపోతుంది.

సాగిన 7 సెంటీమీటర్లను తీసెయ్యవచ్చు, కానీ కత్తెరతో అడ్డంగా కోసి మిషను మీద కుట్టేస్తే ఆ అంచు అలలు తిరిగి నిలబడుతుంది. పద్ధతి ఇది. ముందుగా 10 సెంటీమీటర్ల నిలువులో ఎన్ని వరుసలున్నాయో ఉతికిన టాపు మీదే లెక్కపెట్టండి. 28 ఉన్నాయనుకుందాం, అప్పుడు 7 సెంటీమీటర్లకు సుమారు 20 వరుసలు. పక్క కుట్లను కింది నుంచి ఒక జానెడు విప్పి ముందు భాగాన్నీ వెనుక భాగాన్నీ విడదీయండి. కింది రిబ్బు (సాగే అంచు పట్టీ) ముగిసిన చోటు నుంచి పైకి 20 వరుసలు లెక్కపెట్టి, ఆ పై వరుసలోని కుట్లన్నింటి గుండా వేరే రంగు దారాన్ని మొద్దు సూదితో ఎక్కించండి. అది కాపలా దారం. దాని కింది వరుసలో, అంచుకు దగ్గరగా ఒకే ఒక్క కుట్టును కత్తెర మొనతో తెంచండి. గుండె ఒక్కసారి ఆగినట్లుంటుంది, ఏమీ కాదు. తెగిన పోగును సూది మొనతో ఒక్కొక్క కుట్టులోంచి పైకీ కిందికీ లాగుతూ వెళితే, చివరికి కింది ముక్క మొత్తం మీ చేతిలోకి ఊడివస్తుంది, పైన కుట్లన్నీ కాపలా దారం మీద వరుసగా నిలబడి ఉంటాయి. వాటిని సూది మీదకు తీసుకుని, రెండు నంబర్లు సన్నని సూదితో రిబ్బును ఈసారి పై నుంచి కిందికి అల్లి వదులుగా ముగించండి. దిశ మారినందువల్ల కుట్లు అరకుట్టు పక్కకు జరుగుతాయి, సాదా అల్లిక కింద కొత్త రిబ్బు మొదలవుతున్నప్పుడు అది ఎవరి కంటా పడదు. అల్లిక మధ్యలో పూల డిజైను ఉంటే మాత్రం ఈ పని పెట్టుకోవద్దు, అరకుట్టు తేడా అక్కడ వెంటనే పట్టిస్తుంది.

భుజాల కుట్ల లోపల సన్నని కాటన్ టేపు పెట్టి చేతికుట్టు వేయండి. టాపు బరువంతా మోసేది భుజాలే కనుక, అక్కడ సాగకుండా పట్టు దొరికితే మెడ కూడా జారదు.

ప్రశ్న: లేసు శాలువా ప్యాట్రన్‌లో 103 కుట్లు వేసుకోమన్నారు. అంత వెడల్పు వద్దని 100 వేసుకున్నాను. నాలుగో వరుసకే పూలు పక్కకు వాలిపోయాయి. మూడు కుట్లు తగ్గితే ఇంత జరుగుతుందా?
– ఒక గృహిణి, కందుకూరు

జవాబు: జరుగుతుంది. మీ పువ్వు 12 కుట్లది, ఎనిమిది పూలకు 96, అంచులకు 7, మొత్తం 103. ముగ్గులో ఒక చుక్క తప్పితే మెలిక ఎక్కడికో పోయినట్లే, ఇక్కడ తగ్గించదలిస్తే ఒక పువ్వు మొత్తం తగ్గించాలి గానీ నచ్చినన్ని కుట్లు తగ్గించకూడదు. ఏడు పూలకు 84, అంచులకు ఏడు, 91 కుట్లతో మళ్లీ మొదలుపెట్టండి. ప్రతి పూల వరుస పూర్తయ్యాక నేను పైన చెప్పిన కాపలా దారాన్ని ఎక్కించుకుంటే, తప్పు జరిగినా విప్పడం అక్కడితో ఆగుతుంది.

ప్రశ్న: మా నాన్నగారు తెల్లవారుజామున నడకకు వెళతారు. డిసెంబరులో మా వైపు చలి బాగానే ఉంటుందని ఆయనకు చేతుల్లేని స్వెట్టర్ అల్లాను. వెనుక సరిగ్గా ఉంది, ముందు మాత్రం పొట్ట మీద పైకి లేచి చొక్కా కనబడుతోంది. సైజు పెంచి ముందు భాగం మళ్లీ అల్లితే భుజాలు జారుతున్నాయి. ఇది రెండోసారి విప్పడం.
– ఒక పాఠకురాలు, గిద్దలూరు

జవాబు: సైజు పెంచడం దీనికి మందు కాదు. ఆయన భుజాలు ప్యాట్రన్‌కు సరిపోయాయి, పొట్ట ఒక్కటే సరిపోలేదు. అందువల్ల పెంచవలసినది వెడల్పు కాదు, ముందు భాగం నడుమ పొడవు. టేపును భుజం మీద మెడ పక్క నుంచి బెల్టు వరకు, ముందు పొట్ట మీదుగా ఒకసారి, వెనుక ఒకసారి కొలవండి. కొలిచేటప్పుడు పొట్ట లోపలికి లాక్కోవద్దని నాన్నగారికి ముందే చెప్పండి, మగవాళ్లందరికీ ఆ అలవాటుంటుంది.

వెనుక 62, ముందు 67 సెంటీమీటర్లు వచ్చాయనుకుందాం. తేడా 5 సెంటీమీటర్లు. 10 సెంటీమీటర్లకు 30 వరుసల అల్లికైతే 15 వరుసలు, జతలుగా రావాలి కనుక 14 తీసుకుందాం. ఈ 14 వరుసలను అంచు వరకు వెళ్లకుండా మధ్యలోనే తిరిగి వచ్చే పొట్టి వరుసలుగా అల్లాలి. ముందు భాగంలో 110 కుట్లున్నాయనుకుంటే, మొదటి వరుసలో చివరి 12 కుట్లు మిగిల్చి ఆగండి. దారాన్ని ముందుకు తెచ్చి, తర్వాతి కుట్టును అల్లకుండా కుడి సూదికి జరిపి, దారాన్ని వెనక్కి తీసుకుని ఆ కుట్టును మళ్లీ ఎడమ సూదికి వేసేయండి. దారం ఆ కుట్టు మెడకు చుట్టుకుంటుంది, ఇలా చుట్టకపోతే తిరిగిన చోట చిల్లు పడుతుంది. అక్కడి నుంచి వెనక్కి తిరిగి, రెండో వైపు కూడా 12 కుట్లు మిగిల్చి అలాగే చుట్టి తిరగండి. ఆ తర్వాత ప్రతిసారీ రెండు వైపులా మరో ఆరేసి కుట్లు ముందుగా ఆగుతూ రండి: 18, 24, 30, 36, 42, 48. ఏడో జతకు నడుమ 14 కుట్లే మిగులుతాయి. తర్వాత మామూలు పూర్తి వరుస అల్లుతూ, చుట్టు ఉన్న ప్రతి కుట్టు దగ్గరా ఆ చుట్టును కూడా సూదితో ఎత్తి రెండింటినీ కలిపి అల్లండి.

ఇదంతా పొట్ట బాగా ఎత్తుగా ఉన్న చోటికి రెండు మూడు వేళ్లు దిగువన మొదలుపెట్టాలి. పక్క అంచుల్లో వరుసలు పెరగవు కనుక వెనుక భాగంతో కుట్టేటప్పుడు రెండూ సమంగా కలుస్తాయి. మీ స్వెట్టర్‌లో అడ్డచారలు ఉంటే పొట్టి వరుసలను ఒకేచోట పెట్టకుండా, ఒక్కొక్క జతకూ మధ్య రెండు పూర్తి వరుసలు వేయండి, లేకపోతే చార ఒకటి నడుమ ఉబ్బి, కప్పదలచుకున్న పొట్టనే ఎత్తి చూపిస్తుంది. మీరు ఇప్పటికే ముందు భాగం విప్పేశారు కనుక వెనుక భాగాన్ని ముట్టుకోవద్దు, అది అలాగే పనికివస్తుంది.