పికప్‌లో పాట బాగా వినిపించాలంటే: మేనల్లుడికి మావయ్య ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య దీవెనలు.

సెకండ్ హ్యాండ్‌లో డబుల్ క్యాబిన్ పికప్ కొన్నావనీ, బండి బాగానే ఉంది కానీ స్టీరియో మాత్రం వినబుద్ధి కావడం లేదనీ రాశావు. నువ్వు పంపిన చిట్టా చూశాను. పెద్ద టచ్ స్క్రీన్, వెయ్యి వాట్ల యాంప్లిఫయర్, లోతైన బేస్ పలికించే పన్నెండు అంగుళాల సబ్ వూఫర్. అన్నీ ఒకేసారి కొనేసి ఒక్క ఆదివారంలో బిగించేయాలన్న ఉత్సాహం నాకు అర్థమైంది. కానీ ఏళ్ల తరబడి బళ్ల వైరింగ్ పని చేసినవాడిగా చెబుతున్నాను, ముందు కావలసినవి రెండూ ఆ చిట్టాలోనే లేవు. ఒకటి రేకు అదురు తగ్గించడానికి డోర్లకు అంటించే డ్యాంపింగ్ షీట్, రెండోది ముందు డోర్లకు మంచి స్పీకర్ల జత. ఈ రెండు పనులూ చేసి, కొన్నాళ్లు బండి నడుపుతూ విను. ఆ తర్వాత చిట్టా మళ్లీ రాయి. అందులోంచి చాలా సామాను నువ్వే తీసేస్తావు.

పికప్ సంగతి కారు లాంటిది కాదురా. కారుకు డిక్కీ ఉంటుంది, సబ్ వూఫర్ పెట్టె అందులో కూర్చుంటుంది. పికప్‌లో వెనక సీటుకు ఆనుకునే గోడ, గోడ అవతల తొట్టి. చోటు లేదు. దానికి తోడు డీజిల్ ఇంజను మోత, వెడల్పు టైర్ల రొద. ఈ రొదలో ఎక్కువ పాలు కింది స్థాయి శబ్దమే, అంటే పాటలో బేస్ ఉండే చోటే. అందుకే బండి ఆగి ఉన్నప్పుడు నిండుగా వినిపించిన పాట, వేగం అందుకోగానే పలచబడిపోతుంది. అప్పుడు మనం వాల్యూమ్ పెంచుతాం, స్పీకరు బొంగురుపోతుంది. శబ్దం 3 డెసిబెల్స్ పెరగాలంటే యాంప్ వాట్లు రెట్టింపు కావాలి. రొదను ఆ మాత్రం తగ్గించుకున్నా అంతే లాభం, పైగా బ్యాటరీ మీద భారం పడదు. వాట్ల మీద పెట్టే డబ్బు కంటే డోరు మీద పెట్టే డబ్బు ముందు పనిచేస్తుందని నేను అనేది అందుకే.

డోరు ఎలా విప్పాలో వివరంగా చెబుతాను, అసలు పని అక్కడే ఉంది కాబట్టి. ముందు బ్యాటరీ నెగటివ్ తీసేసి కొన్ని నిమిషాలు ఆగు. పసుపు రంగు కప్లర్లు కనబడితే అవి ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి వెళ్లకు. హ్యాండిల్ గిన్నెలోనూ, చేయి ఆనించుకునే చోటా చిన్న ప్లాస్టిక్ మూతల కింద స్క్రూలు దాగి ఉంటాయి. అవి తీశాక ప్లాస్టిక్ పట్టీతో అంచు నుంచి నెమ్మదిగా ఎత్తు, స్క్రూడ్రైవర్ పెట్టి లాగితే పెయింట్ పోతుంది. ఎంత జాగ్రత్తగా తీసినా ఒకటో రెండో క్లిప్పులు విరుగుతాయి, కొత్తవి ముందే తెచ్చుకుని ఉంచు. లోపల ఒక ప్లాస్టిక్ కాగితం ఉంటుంది. వాన నీళ్లు క్యాబిన్‌లోకి రాకుండా ఆపేది అదే. దాన్ని చింపి పారేయకు.

ఇప్పుడు చేయి లోపలికి పెట్టి బయటి రేకు మీద వేలి కణుపుతో కొట్టి చూడు. ఖాళీ రేకు డబ్బాలా ఖంగుమంటుంది. స్పీకరు మోగినప్పుడల్లా ఆ రేకు కూడా మోగుతోందన్నమాట, నువ్వు వింటున్న డొల్ల మోత అదే. రేకును స్పిరిట్‌తో తుడిచి, దుమ్మూ జిడ్డూ పోయాక, అల్యూమినియం పొర ఉన్న బ్యూటైల్ రబ్బరు డ్యాంపింగ్ షీట్ ముక్కలు అంటించు. 2 మిల్లీమీటర్ల మందం చాలు. చాలామంది అంగుళం కూడా వదలకుండా కప్పేస్తారు కానీ బయటి రేకులో పావు వంతు నుంచి సగం దాకా వేస్తే సరిపోతుంది. ఎంత వేశావన్నది కాదు, ఎంత గట్టిగా అంటిందన్నది ముఖ్యం. చిన్న రోలర్ తీసుకుని, షీట్ మీద అచ్చు వేసిన గళ్లు అణిగిపోయేదాకా నొక్కి రుద్దు. మళ్లీ అదే చోట కణుపుతో కొట్టు. ఖంగు పోయి దబ్‌మని మొద్దు చప్పుడు వస్తే పని అయినట్టే.

లోపలి రేకుకు ఉన్న పెద్ద కంతల సంగతి ఇంకా ముఖ్యం. స్పీకరు కోన్ ముందుకు కదిలినప్పుడు వెనకాల గాలి పలచబడుతుంది. ముందు గాలీ వెనక గాలీ ఆ కంతల గుండా కలిసిపోతే బేస్ రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఆ కంతలు మూసేస్తే అదే స్పీకరు, అదే స్టీరియో, బేస్ మాత్రం ఒక్కసారిగా పెరుగుతుంది. అయితే గ్లాసు దిగే దారికీ, లాకు కడ్డీలకూ అడ్డం రాకుండా చూసుకో. డోరు అడుగున నీళ్లు కారిపోవడానికి చిన్న రంధ్రాలుంటాయి, అవి మూసుకుపోతే లోపల నీళ్లు నిలిచి రేకు తుప్పు పడుతుంది. కొన్ని బళ్లలో డోరు లోపలే సైడ్ ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ ఉంటుంది. అది గాలి ఒత్తిడిని బట్టి పనిచేసే రకమైతే కంతలు మూసే ముందు ఆ బండి కంపెనీ సర్వీసు వాళ్లను అడుగు. అక్కడ సందేహం పెట్టుకుని పని చేయకు.

ఇక స్పీకర్లు. చాలా పికప్‌ల ముందు డోర్లలో ఆరున్నర అంగుళాలవో, ఆరు బై తొమ్మిది కోలవో పడతాయి. కొనే ముందు గ్లాసు పూర్తిగా కిందికి దించి లోతు కొలిచి చూడు, అయస్కాంతం గ్లాసుకు తగిలితే ఎంత మంచి స్పీకరైనా దండగే. చుట్టూ వేసే రింగు ప్లాస్టిక్‌ది తీసుకో, ఎండీఎఫ్ చెక్క నీళ్లు తాగి ఉబ్బుతుంది. ముందు డోర్లకు ట్వీటర్, అంటే సన్నటి పై స్థాయి శబ్దాలు పలికే చిన్న స్పీకరు, విడిగా వచ్చే కాంపొనెంట్ సెట్ వేయమనే నా మాట. ట్వీటర్‌ను చెవి ఎత్తుకు దగ్గరగా పెడితే పాట మోకాళ్ల దగ్గర కాకుండా ఎదురుగా వినిపిస్తుంది. వెనక డోర్ల స్పీకర్లు ప్రస్తుతానికి అలాగే ఉండనీ. నడిపేవాడికి అందేది ముందు శబ్దమే.

అట్ట పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసిన వాట్లు నమ్మకు. ఆర్ఎంఎస్ అని చిన్నగా రాసి ఉంటుంది, అంటే ఆగకుండా ఇవ్వగల నికర వాట్లు, చూడవలసింది అది. స్టీరియోల మీద 50 ఇంటూ 4 అని ఉన్నా, ఒక్కో ఛానెల్‌కు నికరంగా వచ్చేది 20 వాట్ల అటూ ఇటే. అందుకని యాంప్ లేకుండా మొదలుపెడుతున్నప్పుడు సెన్సిటివిటీ, అంటే తక్కువ వాట్లకే ఎంత గట్టిగా మోగుతుందన్నది, 90 డెసిబెల్స్ పైన ఉన్న స్పీకరు తీసుకో. ఇంపెడెన్స్, అంటే స్పీకరు కరెంటును అడ్డుకునే కొలత, అది కూడా చూడు. విడిగా కొనే స్టీరియోలు చాలావరకు 4 ఓములకు తయారైనవి, 2 ఓముల స్పీకరు తగిలిస్తే వేడెక్కిపోతాయి.

స్టీరియో మార్చాలా వద్దా అన్నది తర్వాతి మాట. ఈ మధ్య బళ్లలో ఏసీ కంట్రోళ్లు, రివర్స్ కెమెరా, సీటు బెల్టు హెచ్చరిక కూడా స్టీరియోతో ముడిపడి ఉంటున్నాయి. నీ బండి అలాంటిదైతే దాన్ని కదపకుండా, స్పీకరు వైర్ల నుంచే సిగ్నల్ తీసుకునే, డీఎస్పీ (శబ్దాన్ని సవరించే చిప్పు) ఉన్న యాంప్ వేసుకోవడం మంచిది. పాత రకమైతే మార్చుకో. స్టీరియో ముందు భాగం సైజును డిన్‌లలో చెబుతారు: సింగిల్ డిన్ అంటే 180 బై 50 మిల్లీమీటర్లు, డబుల్ డిన్ దానికి రెట్టింపు ఎత్తు. ఒక్క విషయంలో మాత్రం నా మాట తీసేయకు. కంపెనీ కప్లర్ కత్తిరించవద్దు. నీ బండికి సరిపడే అడాప్టర్ హార్నెస్ అనే వైర్ల కట్ట దొరుకుతుంది, కొత్త స్టీరియో వైర్లు దానికి బయటే కలుపుకుని లోపల కప్లర్‌కు కప్లర్ గుచ్చితే చాలు. రేపు బండి అమ్మేటప్పుడు పాతది మళ్లీ పెట్టేయవచ్చు. విడిగా కొనే స్టీరియోల్లో పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండేది, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు ఎర్త్, నీలం మీద తెలుపు చార యాంప్‌ను లేపేది. తెలుపు ఎడమ ముందు, బూడిద రంగు కుడి ముందు, ఆకుపచ్చ ఎడమ వెనక, ఊదా కుడి వెనక. నల్ల చార ఉన్నది మైనస్. బండి వైపు వైర్ల రంగులు మాత్రం ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి, వాటిని రంగు చూసి కలపకు.

యాంప్ వేసే రోజు వస్తే అన్నిటికంటే ముందు ఫ్యూజు. బ్యాటరీ పాజిటివ్ నుంచి 18 అంగుళాల లోపే ఉండాలి. ఆ ఫ్యూజు యాంప్‌ను కాపాడడానికి కాదు, వైరును కాపాడడానికి. ఇంజను పక్క నుంచి క్యాబిన్‌లోకి వచ్చే చోట రేకు అంచు వైరును కొద్దికొద్దిగా కోసేస్తుంది, ఫ్యూజు లేకపోతే అక్కడే మంట పుడుతుంది. రబ్బరు బుష్ లేకుండా ఆ రంధ్రంలోంచి వైరు లాగకు. వైరు మందం లెక్క ఇలా వేసుకో: కరెంటు తక్కువ వృథా చేసే డీ క్లాస్ రకం యాంప్ మొత్తం 400 వాట్ల ఆర్ఎంఎస్ ఇవ్వాలంటే సుమారు 500 వాట్లు లాగుతుంది, 13.8 వోల్టుల దగ్గర అది 36 ఆంపియర్లు. 4 గేజ్ రాగి వైరు వేస్తే నిశ్చింత. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు పైకి అలాగే కనబడుతుంది, చవక కూడా, కానీ అంత కరెంటు మోయదు. నీ వెయ్యి వాట్ల యాంప్ ఊసు, ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ ఎన్ని ఆంపియర్లదో చూశాక ఎత్తు.

పికప్‌లో చాలామంది పట్టించుకోనిది ఎర్త్. క్యాబిన్ చాసిస్ మీద రబ్బరు దిమ్మెల మీద కూర్చుంటుంది, తొట్టి మరీ విడి ముక్క. తొట్టికి ఎర్త్ బిగించకు. క్యాబిన్ లోపలే, యాంప్‌కు రెండు మూడు అడుగుల లోపు, మందపాటి రేకు ఉన్న చోటు చూసుకో. నాణెమంత మేర పెయింటు గీకి, తెల్లగా మెరిసే లోహం బయటపడ్డాక, పళ్ల వాషర్ వేసి బోల్టు బిగించి, పైన తుప్పు పట్టకుండా కాస్త పెయింటు పూయి. సీటు బెల్టు బోల్టు చేతికి దగ్గరగా ఉంటుంది, దాన్ని మాత్రం ముట్టుకోకు. ఆక్సిలరేటర్ తొక్కినకొద్దీ స్పీకర్లలో కూత పెరుగుతోందంటే ముందు చూడవలసింది ఈ ఎర్తే. కరెంటు వైరు ఒక పక్క నుంచీ, సిగ్నల్ వైర్లు రెండో పక్క నుంచీ తీసుకెళితే ఆ బెడద చాలావరకు రాదు.

సబ్ వూఫర్ వద్దని నేను అనను. డోరు స్పీకర్ల నుంచి లోతైన బేస్ రాదు, రాబట్టాలని చూస్తే అవి పాడవుతాయి. కానీ పన్నెండు అంగుళాలది నీ బండిలో ఎక్కడ పెడతావు? వెనక సీటు కింద పట్టే పలచటి పది అంగుళాలది ఒకటి, మూసిన పెట్టెలో, చాలు. చిన్న క్యాబిన్‌లో కింది స్థాయి శబ్దం దానంతటదే బలపడుతుంది. పెట్టెను బండికి బోల్టులతో బిగించు, సడన్ బ్రేక్ వేస్తే ఎగిరి వచ్చేలా వదలకు. జాకీ, పానాలు సీటు కిందే ఉంటే వాటికి దారి వదులు.

బిగించడం అయ్యాక ఓపిగ్గా కూర్చో. ముందు పోలారిటీ చూడు. ఒక స్పీకరుకు ప్లస్ మైనస్ తారుమారైతే బేస్ మాయమవుతుంది. టార్చి లైటు సెల్లు ప్లస్‌ను స్పీకరు ప్లస్‌కూ, మైనస్‌ను మైనస్‌కూ ఒక్క క్షణం తాకిస్తే కోన్ బయటికి రావాలి. ట్వీటర్లకు మాత్రం ఈ పరీక్ష చేయకు. డోరు స్పీకర్లకు 80 హెర్ట్జ్ కింద కోసేయి, సబ్‌కు 80 పైన కోసేయి, అక్కడి నుంచి చెవికి నచ్చేలా అటూ ఇటూ జరుపుకో. యాంప్ మీద ఉండే గెయిన్ అంటే వాల్యూమ్ కాదు, స్టీరియో సిగ్నల్‌కు యాంప్‌ను సరిపెట్టే మర. స్టీరియోను ముప్పావు వంతు వాల్యూమ్‌లో పెట్టి, బేస్, ట్రెబుల్ సున్నాలో ఉంచి, స్పీకర్లు విప్పేసి, టెస్ట్ టోన్ (ఒకే స్థాయిలో మోగే శబ్దం) వేసి మల్టీమీటర్‌తో ఏసీ వోల్టులు కొలువు. 4 ఓములకు 100 వాట్లు ఇవ్వాలంటే 20 వోల్టులు, అక్కడితో ఆపు. అంతకు మించి తిప్పితే సిగ్నల్ అలల కొనలు తెగి ముందు ట్వీటర్లు కాలతాయి. డీఎస్పీ ఉంటే డ్రైవర్ పక్క స్పీకరును కాస్త ఆలస్యం చేయి. శబ్దం 34 సెంటీమీటర్లు దాటడానికి ఒక మిల్లీసెకను పడుతుంది. రెండు స్పీకర్ల నుంచి నీ తలకు ఉన్న దూరాల తేడాను టేపుతో కొలిచి ఆ లెక్కన పెట్టు. గొంతు డాష్‌బోర్డు మధ్యలోకి వచ్చి నిలబడుతుంది. నేర్చుకోవలసిన పనుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

చెవుల సంగతి కూడా చెప్పాలి. 85 డెసిబెల్స్ ఎనిమిది గంటలు, 88 అయితే నాలుగు గంటలు, ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. పోయిన వినికిడి తిరిగి రాదు. అంబులెన్సు సైరన్ వినబడనంత మోత పెట్టుకుని బండి నడపవద్దు, ఇది మీ అమ్మ చెప్పమన్నది కాదు, నేనే అంటున్నాను.

ముందు ఒక్క డోరు విప్పి, లోపలి రేకూ స్పీకరు కూర్చునే చోటూ కనబడేలా ఫోటోలు తీసి పంపు. గ్లాసు దించి లోతు ఎంత ఉందో కొలిచి రాయి. ఏ సైజు పడుతుందో, షీట్ ఎన్ని ముక్కలు కావాలో చూసి చెబుతాను. అప్పటిదాకా ఆ క్లిప్పులు తప్ప ఏమీ కొనకు.

ఇట్లు,
మీ మావయ్య