అత్తమ్మ మతిమరుపుకు పేగుల మందు?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది పరకాల దగ్గర పల్లె. మా అత్తమ్మకు 73 ఏళ్లు. మూడేళ్లుగా మతిమరుపు. హన్మకొండలో చూపిస్తే అల్జీమర్స్ అన్నారు. అన్నం తిని చెయ్యి కడుక్కున్న పది నిమిషాలకే "నేను తిన్ననా బిడ్డా?" అని అడుగుతుంది. మొన్నటిదాకా అంతే. పన్నెండు రోజుల నుంచి మాత్రం రాత్రంతా నిద్ర లేదు, నన్నే గుర్తుపట్టడం లేదు, పగలేమో మగతగా పడుకుని ఉంటుంది. మా మరిది హైదరాబాద్ నుంచి వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. మతిమరుపు పేగుల్లోని బ్యాక్టీరియా వల్లే వస్తుందట, క్యాప్సూల్స్ వేసి ఆ బ్యాక్టీరియాను మారిస్తే మెదడులో వాపు తగ్గి యాది తిరిగొస్తుందట. నెలకు 3,200 రూపాయలు. ఈసారి మిర్చికి ధర లేదు, అయినా తెప్పిద్దామంటున్నాడు మా ఆయన. నిజంగా పని చేస్తాయా?
– ఒక కోడలు, పరకాల

జవాబు: క్యాప్సూల్స్ సంగతి తర్వాత చూద్దాం అమ్మా, ముందు ఆ పన్నెండు రోజులు. అల్జీమర్స్ ముదరడానికి నెలలు, ఏళ్లు పడుతుంది. ఇంత తొందరగా మనిషి మారిపోయిందంటే ఇంకేదో తోడైనట్టే. మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు, ఒంట్లో నీళ్లు తగ్గి ఉండొచ్చు, కొత్తగా వేసిన మాత్ర కావచ్చు, మలబద్ధకమూ కావచ్చు. దీన్ని డెలీరియం అంటాం. కారణం పట్టుకుంటే చాలామంది మళ్లీ పాత స్థితికి వస్తారు. మీ ఉత్తరంలో నంబరు ఉంది కాబట్టి అందిన రోజే ఫోన్ చేసి, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లమన్నాను. ఇక్కడ రాస్తున్నది ఇలాంటి ఇల్లు ఇంకొకటి ఉంటే వాళ్ల కోసం.

నేనూ ఒకసారి ఇక్కడే బోల్తా పడ్డాను. మా అమ్మదీ ఇదే జబ్బు. ఒక వారం ఉన్నట్టుండి అర్ధరాత్రి లేచి, నర్సంపేట బస్సు ఎప్పుడని అడగడం మొదలుపెట్టింది. అది ఆమె పుట్టిల్లు. జబ్బు ముదిరిందనుకుని నిద్రమాత్ర పెంచాను. డాక్టర్ని కదా, నన్ను అడిగేవాళ్లెవరు! అమ్మకు స్నానం చేయించడానికి వచ్చే ఆమె చెప్పింది, "అమ్మ ఆరు రోజుల నుంచి దొడ్డికి పోలేదు" అని. ఆ సంగతి చూశాక మూడో రోజుకు బస్సు మాట ఆగింది. జలుబుకని నేనే ఇచ్చిన మాత్ర అటు పేగులను బిగించింది, ఇటు తలను తికమక పెట్టింది. పాత రకం జలుబు, అలర్జీ మాత్రల్లో చాలావాటికి ఈ గుణం ఉంది. మీ ఇంట్లో మాత్రల డబ్బా ఉంటే డబ్బాతో సహా డాక్టరుకు చూపించండి.

ఇక మీ మరిది పంపిన వీడియో. అందులో అంతా అబద్ధమే అయితే నాకు పని తేలికయ్యేది.

మెదడులో మైక్రోగ్లియా అనే కణాలుంటాయి. రోగనిరోధక వ్యవస్థ తరఫున మెదడులోనే కాపురముంటాయి. మీది మిర్చి పండించే ఇల్లు కాబట్టి వీటిని కలుపు తీసే కూలీలనుకోండి. చచ్చిన కణాలను, అల్జీమర్స్‌లో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్ ముద్దలను ఏరేయడం వీటి పని. ఏళ్ల తరబడి రెచ్చిపోయి ఉంటే మాత్రం కలుపుతో పాటు మిర్చి మొక్కనూ పీకేస్తాయి. నాడీకణాల మధ్య అతుకులు పోతాయి. మెదడులో వాపు అని వీడియోలో అన్నది ఈ రెచ్చిపోవడాన్నే.

ఆ కూలీలకు పొట్టతో ఏం పని అంటారా? మనం తిన్న పీచును పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియొనేట్, బ్యుటిరేట్ అనే చిన్న ఆమ్లాలు తయారుచేస్తుంది. పేగు గోడ పొడవునా రోగనిరోధక కణాలు కాపు కాస్తుంటాయి. ఈ ఆమ్లాలు వాటి తీరును మారుస్తాయి, కొంత రక్తంలోకీ చేరతాయి. 2015లో జర్మనీలోని ఫ్రైబుర్గ్ శాస్త్రవేత్తలు ఒక్క బ్యాక్టీరియా కూడా లేకుండా పెంచిన ఎలుకలను చూశారు. వాటి మైక్రోగ్లియా సరిగ్గా ఎదగలేదు. ఆ ఆమ్లాలు కలిపిన నీళ్లు తాగిస్తే చాలావరకు దారిలో పడ్డాయి.

క్యాప్సూల్ అమ్మేవాడు కథ ఇక్కడ ఆపేస్తాడు. 2023లో అమెరికాలో, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు టావ్ అనే ఇంకో ప్రొటీన్ పేరుకుని మెదడు కుంచించుకుపోయే రకం ఎలుకలను బ్యాక్టీరియా లేకుండా పెంచారు. మెదడుకు జరిగే నష్టం బాగా తగ్గింది. అవే ఆమ్లాలు ఇస్తే మళ్లీ వాపు, టావ్ రెండూ పెరిగాయి! ఫ్రైబుర్గ్‌లో మేలు చేసినవే ఇక్కడ కీడు చేశాయి. అలాంటప్పుడు మీ అత్తమ్మ పొట్టలో వాటిని పెంచాలో తగ్గించాలో ఆ వీడియోలోని పెద్దమనిషికి ఎలా తెలిసింది?

మనుషుల్లోనూ తేడా చూశారు. అల్జీమర్స్ ఉన్నవాళ్ల పేగుల్లో బ్యాక్టీరియా రకాలు తక్కువగా కనిపించాయి. అయితే మా అమ్మ ఆఖరి రెండేళ్లు పెరుగన్నం తప్ప ఏదీ ముట్టలేదు. జొన్నరొట్టె, బబ్బెర్లు, తోటకూర అన్నీ పక్కకు నెట్టేసేది. అలా తింటే ఎవరి పొట్టయినా మారుతుంది. అంటే జబ్బే పొట్టను మార్చి ఉండొచ్చు. పొట్ట జబ్బుకు దారి తీసి ఉండొచ్చు కూడా. అదే 2023లో ఐర్లండ్‌లోని కార్క్‌లో రోగుల పేగు బ్యాక్టీరియాను చిన్న వయసు ఎలుకలకు ఎక్కిస్తే, అవి జ్ఞాపక పరీక్షల్లో వెనకబడ్డాయి.

ఈ దారిలో ఒక మందూ వచ్చింది. సముద్రపు నాచు నుంచి తీసిన జీవీ-971 పేగు బ్యాక్టీరియాను సరిచేసి మెదడు వాపు తగ్గిస్తుందంటే, 2019లో చైనా షరతులతో అనుమతి ఇచ్చింది. ఇతర దేశాల్లో కూడా మొదలుపెట్టిన పెద్ద పరీక్షను 2022లో మధ్యలోనే ఆపేశారు. మీ 3,200 రూపాయలు ఇంట్లోనే ఉంచుకోండి. కావాలంటే మీ ఆయనకు ఈ పేజీ చూపించండి.

తిండి విషయానికొస్తే, 2021లో స్టాన్‌ఫర్డ్‌లో 36 మంది ఆరోగ్యవంతుల మీద పది వారాల పరీక్ష జరిగింది. పెరుగులాంటి పులిసిన పదార్థాలు ఎక్కువగా తిన్నవాళ్ల రక్తంలో వాపుకు సంబంధించిన 19 ప్రొటీన్లు తగ్గాయి. వాళ్లకు మతిమరుపు లేదు, కాబట్టి దీన్ని మందు అనలేను. చల్ల, అంబలి మన ఇళ్లల్లో ఉన్నవే, ఇవ్వండి. మింగడం కష్టంగా లేకపోతే జొన్న గట్క, మెత్తగా ఉడికించిన పెసర్లు కూడా పెట్టండి. నీళ్లు అడిగే గుర్తు ఆమెకు ఉండదు, గంటకోసారి మీరే గ్లాసు చేతికివ్వండి. గోడ క్యాలెండర్ మీద ఆమె దొడ్డికి వెళ్లిన రోజు ఒక గీత పెట్టండి. మూడు రోజులు గీత లేకపోతే డాక్టరుకు ఫోన్ చేయండి.

ప్రశ్న: ఎలుకలకు యాంటీబయాటిక్స్ ఇస్తే మెదడు దెబ్బ తగ్గిందని చదివాను. రైల్వేలో చేసి రిటైరైన మా బాపుకు మతిమరుపు మొదలైంది. టీవీ సౌండు వీధి చివరిదాకా పెడుతున్నాడు. ఒక కోర్సు వాడి చూడొచ్చా?
– కాజీపేట పాఠకుడు

జవాబు: వద్దు. మీరు చదివింది నేను పైన చెప్పిన సెయింట్ లూయిస్ పరిశోధన గురించే అయితే, ఆ మందు పిల్ల ఎలుకలకు ఇచ్చారు, అదీ మగవాటిలోనే పని చేసింది. ఈ వయసులో యాంటీబయాటిక్స్ ఊరికే వాడితే విరేచనాలు పట్టుకుని మనిషి నీరసించిపోతాడు. రేపు నిజంగా ఇన్ఫెక్షన్ వచ్చిననాడు ఆ మందు పని చేయకపోవచ్చు. మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది ఆ టీవీ సౌండు. డిమెన్షియాకు, అంటే ఈ మతిమరుపు జబ్బులకు దారితీసే, మనం సరిచేసుకోగల 14 కారణాలను లాన్సెట్ అనే వైద్య పత్రిక నిపుణుల కమిషన్ 2024లో లెక్కగట్టింది. వినికిడి తగ్గడం అందులో ఒకటి. బాపుకు చెవి పరీక్ష చేయించారా? బి12, థైరాయిడ్ రక్తపరీక్షలు కూడా చేయించి, రిపోర్టులతో మళ్లీ రాయండి.