హత్యకు ముందు జరిగిందంతా రాయి

ప్రియమైన అమ్మాయికి,

నీ కథా, దానితో పంపిన వ్యాసమూ చదివాను. పరువు హత్యల మీద రాయాలనీ, రాసి ఊరుకోకుండా ఉద్యమంలో పనిచేయాలనీ అనుకుంటున్నావు. చాలా సంతోషం. అందుకే మొహమాటం లేకుండా చెబుతాను. కథలో చివరి పేజీలు తీసెయ్యి. కత్తి, నెత్తురు, తండ్రి కేక, తర్వాత అతను కూలబడి ఏడవడం, అన్నీ బాగా రాశావు. అంత బాగా రాయడం వల్లే చదివేవాళ్లు ఆ అమ్మాయిని మర్చిపోయి తండ్రి బాధలో పడిపోతారు. "పాపం, ప్రాణంలా పెంచుకున్నాడు, ఒక్క క్షణం ఒళ్లు తెలియలేదు" అనుకుంటూ పుస్తకం మూసేస్తారు.

'ఒళ్లు తెలియని ఒక్క క్షణం' అన్న వాదన కోర్టుల్లో చాలాకాలం చెల్లింది. ఇటలీ శిక్షాస్మృతిలో 1981 దాకా 587వ సెక్షన్ ఉండేది. భార్య గానీ కూతురు గానీ చెల్లెలు గానీ పరాయి మగవాడితో ఉన్నట్టు తెలిసి, ఆ కోపంలో చంపేశానంటే శిక్ష మూడు నుంచి ఏడేళ్లే. బ్రెజిల్‌లో పరువు కాపాడుకోవడానికే చంపానన్న వాదనను జ్యూరీల ముందు దశాబ్దాల పాటు వినిపించారు. అది రాజ్యాంగ విరుద్ధమని అక్కడి సుప్రీంకోర్టు 2023లో తేల్చింది. నీ కథలో తండ్రి ఆవేశాన్ని అంత జాలిగా చూపిస్తే, నీకు తెలియకుండానే అతని తరఫు లాయరు వాదన నువ్వు రాసిపెట్టినట్టే.

ఇది ఫలానా మతంవాళ్ల జబ్బు అన్నట్టు వ్యాసంలో రెండు వాక్యాలున్నాయి. వాటినీ కొట్టెయ్యి. ఇటలీ, బ్రెజిల్ గురించి పైన చెప్పాను కదా. పైగా అలాంటి మాటలు, బయటపడాలని చూస్తున్న ఆడపిల్ల నోరు నొక్కుతాయి. తను మాట్లాడితే తనవాళ్లందరినీ జనం తిడతారని భయపడి ఊరుకుంటుంది.

ఇక అసలు సంగతి. ఈ హత్యల్లో చాలా వాటికి ముందు వారాలు, నెలలు గడుస్తాయి. ఫోన్ లాక్కోవడం, చదువు మాన్పించడం, గదిలో పెట్టి తాళం వేయడం, పెద్దలు కూర్చుని మాట్లాడుకోవడం, ఎవరు చేయాలో అనుకోవడం. ఆ కాలంలో చాలామందికి చాలా తెలిసి ఉంటుంది. నువ్వు రాయాల్సింది అక్కడ.

2006లో లండన్‌లో ఒక ఇరాకీ కుర్ద్ కుటుంబంలో జరిగిన హత్య చూడు. ఆ అమ్మాయికి 20 ఏళ్లు. పెళ్లి వదులుకుని బయటికొచ్చి, ఇంట్లోవాళ్లకు నచ్చని అబ్బాయిని ప్రేమించింది. తనను చంపుతారని ముందే పోలీసులకు పలుసార్లు చెప్పుకుంది. ఎవరెవరు చంపుతారో పేర్లు రాసిచ్చింది. తండ్రి చేతిలోంచి తప్పించుకుని, కిటికీ అద్దం పగలగొట్టి పరుగెత్తిన రాత్రి, ఆమె మాట నమ్మని ఒక పోలీసు అధికారి ఆ అద్దం పగిలినందుకు ఆమె మీదే కేసు పెట్టాలా అని ఆలోచించింది. కొన్ని వారాలకే ఆ పిల్ల చనిపోయింది. ఆ తర్వాత అదే పోలీసు శాఖలో మరో బృందం పట్టు వదలకుండా పనిచేసి, ఇరాక్‌కు పారిపోయిన ఇద్దరు హంతకులను కూడా వెనక్కి రప్పించి జైలుకు పంపింది. అంత పట్టుదల కొన్ని వారాల ముందు ఉండి ఉంటే!

ఆ పగిలిన అద్దం గురించి ఒక పేజీ రాయి. తలుపు తీసిన పక్కింటివాళ్లు ఏమనుకున్నారు, స్టేషన్‌లో కాగితం తీసుకున్న మనిషి దాన్ని ఎక్కడ పెట్టాడు, డాక్టరు ఏం అడిగాడు, ఏం అడగలేదు. నీ కథ చదివేవాళ్లలో రేపు చంపబోయే తండ్రి ఉండకపోవచ్చు. తలుపు తట్టినప్పుడు తీయాల్సిన పక్కింటావిడ, ఫిర్యాదు రాసుకోవాల్సిన కానిస్టేబులు, "ఇంటి విషయం, మనకెందుకు" అనుకునే మేనమామ తప్పకుండా ఉంటారు. వాళ్ల కోసం రాయి.

నీ కథలో ఒక పెద్దమనిషి వచ్చి, తల్లిదండ్రులతో మాట్లాడి రాజీ చేసి, అమ్మాయిని ఇంటికి తీసుకెళ్తాడు. అతన్ని మంచివాడిగా చూపించావు. దీని గురించి నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది. "ఏం చేయంలే, ఇంటికి రా" అని పిలిచి చంపిన కేసులు ఎన్నో. 1999లో లాహోర్‌లో విడాకులు కోరిన ఒక యువతి, న్యాయవాది హీనా జిలానీ ఆఫీసులోనే హత్యకు గురైంది. మాట్లాడాలని వచ్చింది ఆమె కన్నతల్లే. ఆ తల్లి వెంట వచ్చినవాడే కాల్చాడు. అందుకని నువ్వు ఉద్యమంలోకి వెళ్లాక ఎంత నమ్మకంగా అనిపించినా రాజీ పనులు నెత్తిన వేసుకోకు. అమ్మాయి ఎక్కడుందో ఎవరికీ చెప్పకు, అమ్మకైనా సరే.

విలేఖరి రానా హుసేనీ పేరు విన్నావో లేదో. ఆమెది జోర్డాన్. 1994లో ఒక 16 ఏళ్ల పిల్లను అన్న చంపేశాడు. ఇంకో అన్న ఆ పిల్లపై అత్యాచారం చేయడమే కారణం! ఆ కేసు రాసినప్పటి నుంచి ఆమె వదల్లేదు. ఎవరు చనిపోయారు, ఎవరు చంపారు, కోర్టు ఎంత శిక్ష వేసింది అని ఏళ్ల తరబడి రాస్తూనే వచ్చింది. 1999లో ఆమె, ఆమె తోటివాళ్లు పరువు పేరుతో చంపినవాళ్లకు శిక్ష తగ్గించే చట్టం మార్చాలని వేల సంతకాలు సేకరించారు. పార్లమెంటు దిగువసభ దాన్ని తోసేసింది. అయినా ఆగలేదు. నాకు ఆమెలో బాగా నచ్చేది ఆవేశం కాదు, ఓపిక. హత్య జరిగిన రోజు అందరూ రాస్తారు. తీర్పు రోజున కోర్టులో కూర్చునేవాళ్లు తక్కువ.

అలా కూర్చోకపోతే ఏమవుతుందో పాకిస్తాన్‌లో చూడు. 2016 జులైలో సోషల్ మీడియా తార కందీల్ బలోచ్‌ను సొంత తమ్ముడే చంపాడు. ఆ అక్టోబరులోనే, కుటుంబం క్షమించినా పరువు హత్యకు యావజ్జీవం తప్పదని చట్టం చేశారు. పత్రికలు విజయమని రాశాయి. 2019లో అతనికి యావజ్జీవం పడింది. 2022లో అప్పీలు కోర్టు విడుదల చేసింది. తల్లి క్షమించడం అందుకు ఒక ఆధారమైంది. ఇలాంటిది రాయాలంటే ఆరేళ్లు ఒకే కేసు వెంట ఉండాలి. మన దగ్గర కూడా 2018 మార్చిలో శక్తి వాహిని అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు ప్రతి జిల్లాలో ప్రత్యేక సెల్, 24 గంటల హెల్ప్‌లైన్ పెట్టాలని, బెదిరింపులున్న జంటలకు సురక్షిత నివాసం చూడాలని చెప్పింది. ఒక జిల్లా ఎంచుకుని సమాచార హక్కు దరఖాస్తు పెట్టు. సెల్ ఉందా, ఎంతమంది వచ్చారు, ఎంతమందికి చోటు దొరికింది? అలాంటి ఒక్క వ్యాసం నీ పేరు నిలబెడుతుంది.

లెక్కలు జాగ్రత్త. 2023లో ప్రపంచంలో సుమారు 51,100 మంది స్త్రీలు, బాలికలు భర్త, సహచరుడు లేదా కుటుంబసభ్యుల చేతుల్లో చనిపోయారని ఐక్యరాజ్యసమితి చెప్పింది. రోజుకు 140 మంది. నువ్వు దాన్ని పరువు హత్యల సంఖ్యగా రాశావు. అలా రాయకు. ఒక్క తప్పు లెక్క చూపించి మిగతా అంతా అబద్ధమని కొట్టిపారేసేవాళ్లు కాచుకుని ఉంటారు.

బతికి బయటపడ్డ అమ్మాయితో మాట్లాడానని రాశావు. ఆమె పేరు మార్చావు గానీ ఊరూ, కాలేజీ, అన్న ఉద్యోగం అలాగే ఉంచావు. బంధువుల్లో ఎవరు చదివినా ఇట్టే పట్టేస్తారు. అవి తీసేసి, రాసింది ఆమెకు చదివి వినిపించు. వద్దంటే ఆ భాగం మొత్తం వదిలెయ్యి, కథ కుంటుపడినా సరే. ఆ సంభాషణ రికార్డింగు నీ ఫోన్‌లో ఉంటే ఈ రోజే తీసేసి, ఆ తర్వాతే కొత్త డ్రాఫ్ట్ మొదలుపెట్టు. పూర్తయ్యాక నాకు పంపు, వెంటనే చదువుతాను.

ఆశీస్సులతో.